బాపు నేసిన బట్ట మీద వెండి

నేను చేసే పని ఏమిటని బాపు ఒక్కసారే అడిగాడు. అప్పటికి ఆ పని మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. మేం నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలుస్తాం. అవ్వకు తెలిసిందల్లా నేను ఇచ్చోడలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాననీ, సెలవులొస్తే కరీంనగర్‌లో ఇంకేదో పెద్ద చదువు చదువుతాననీ. ఈ వయసులో ఇంకా చదువేమిటని అడిగినవాళ్లకు "దానికి బుద్ధి తక్కువ, గందుకే సదువు ఎక్కువ" అని నవ్వి ఊరుకునేది.

ఆ రోజు బాపు వాకిట్లో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నాకు తోచినట్టు చెప్పాను. బావి నిండా నీళ్లున్నాయనుకో, అందులో ఎవరో చిటికెడు మందు కలిపారనుకో, కంటికి కనబడదు, నాలుకకు తెలియదు, వాసన రాదు. అది ఉన్నదని పట్టుకోవడం నా పని. దాని మీద లేజర్ వెలుగు వేస్తే కొంత వెలుగు రంగు మారి తిరిగొస్తుంది. ఏ పదార్థానికి ఆ పదార్థం తనదైన తీరులో మారుస్తుంది, మన వేలిముద్రల్లాగ. కాకపోతే ఆ వెలుగు మరీ బలహీనం. కంటికి ఆనని వెండి రేణువులకు ఆ మందు అంటుకున్నప్పుడు మాత్రం లక్షల రెట్లు పెరిగి కనబడుతుంది. దీన్ని రామన్ పరీక్ష అంటారని కూడా చెప్పాను.

బాపు శ్రద్ధగా విన్నాడు. బీడీ ఆరిపోయినా మళ్లీ ముట్టించలేదు.

"దొరికిందే అనుకో. దొరికినంక ఏం జేస్తవ్ బిడ్డా?"

"దొరకబట్టుడే నా పని బాపు. తర్వాతది వేరేటోళ్లు చూస్కుంటరు."

"అట్లనా" అని లేచి దుకాణానికి వెళ్లిపోయాడు. దుకాణమంటే మా ఇంట్లో కల్లు దుకాణమే. కిరాణా దుకాణానికి వెళ్లేది అవ్వ.

మా ఊరు చొప్పదండికీ కొండగట్టుకూ నడుమ ఉంటుంది. సగం ఇళ్లు మావే, నేతవాళ్లవి. మరమగ్గాలను మేం సాంచలంటాం. వాటి చప్పుడు లేకపోతే మా ఊళ్లో నిద్రపట్టదు, కరెంటు పోతే చంటిపిల్లలు లేచి ఏడుస్తారు. బాపు ఒక ఆసామి షెడ్డులో సాంచలు నడిపేవాడు. పొద్దున ఎక్కితే పొద్దుగూకేదాకా నిలబడే ఉండాలి. ఎక్కడ పోగు తెగినా పరుగెత్తి ముడి వెయ్యాలి. ఆయన ముడి ఎంత సన్నగా ఉండేదంటే బట్ట మీద వేలు పెట్టి రాసినా తగిలేది కాదు. షెడ్డు నుంచి బయటికి వచ్చాక చాలాసేపు గట్టిగా మాట్లాడేవాడు, చెవుల్లో ఇంకా సాంచలు ఆడుతుండేవి. తిన్నగా దుకాణానికి పోయి రెండు సీసల కల్లు తాగితే గానీ గొంతు తగ్గేది కాదు. తాగి గొడవచేసే మనిషి కాదు. తాగి, తిని, పడుకునే మనిషి. అందుకే ఆ రెండు సీసల గురించి మా ఇంట్లో ఎవరూ ఫికర్ చెయ్యలేదు.

ఒక ఏడు మాత్రం కొండగట్టు అంజన్న మాల వేసుకున్నాడు. మాలలో ఉన్నన్ని రోజులు కల్లు ముట్టకూడదు. మూడో రోజుకల్లా చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు, అరుగు మీద ఎవరో కూర్చున్నారని లేని మనిషిని పలకరించాడు. అవ్వ భయపడి మాల తీయించింది. ఊరంతా నవ్వింది. "అంజన్న ముట్టనియ్యలే, నీకు భక్తి సాలలే" అని అవ్వ ఏళ్ల తరబడి ఎత్తిపొడిచింది. నేనూ నవ్వాను. అప్పటికే ఎమ్మెస్సీ పూర్తయిన దాన్ని.

వెండి రేణువులు తయారు చెయ్యడం నాకు బాగా వచ్చు. వెండి నైట్రేటు కలిపిన నీళ్లను మరిగిస్తూ సిట్రేటు ద్రావణం చుక్కచుక్కగా వేస్తే నీళ్లు ముందు లేత పసుపుకు, తర్వాత మబ్బు పట్టినట్టు బూడిదపచ్చకు తిరుగుతాయి. అక్కడ దించాలి. ఆలస్యమైతే ముద్ద కడుతుంది. పాలు కాచిన చెయ్యికి ఇది సులువని మా గైడు అనేవారు. ఆ మాట నాకు నచ్చేది కాదు. ఆయన కాచినప్పుడల్లా ముద్ద కట్టేది కాబట్టి ఊరుకునేదాన్ని.

అసలు తిప్పలు ఆ వెండిని దేని మీద నిలపాలన్నది. కాగితం మీద వేస్తే తడికి చిరిగింది. బజారులో కొన్న తెల్ల బట్టకు తెలుపు కోసం కలిపే మందులుంటాయి, లేజర్ పడగానే అవే మెరిసి మిగతాదంతా కప్పేశాయి. చలువ చెయ్యని పచ్చి నూలుబట్ట కావాలి. బాపును అడిగితే తన సాంచ మీది నుంచే గజం బట్ట కోయించి తెచ్చాడు. దాని మీద వెండి పట్టలేదు, నీళ్లు ముత్యాల్లా జారిపోయాయి. ఆరు వారాలు ఇంగ్లిషు పత్రాలు చదివాను. ఆ సంగతి ఫోన్లో అవ్వతో చెప్పుకుని ఏడుస్తుంటే వెనకనుంచి బాపు గొంతు వినిపించింది.

"పడుగుకు గంజి పెడ్తరు గదనే. గంజి పోంది ఏ రంగూ పట్టది. సబ్బు పెట్టకు. రెండు దినాలు నీళ్లల్ల నానెయ్యి, పులుస్తది. ఎన్క సోడా ఏసి ఉడకవెట్టు."

పులిసింది. ల్యాబంతా వాసనని తోటివాళ్లు తిట్టారు. ఉడకబెట్టాను. మరునాడు వెండి ఆ బట్ట మీద ఎంత సమంగా పరుచుకుందో! గోధుమ రంగు తిరిగిన ఆ గుడ్డను వేలెడు ముక్కలుగా కత్తిరించి, టమాటా తొక్క మీద రుద్ది, లేజర్ యంత్రం కింద పెడితే తెర మీద చేలో కొట్టిన పురుగుమందు గీతలు ఒక్కొక్కటే లేచాయి. బాపుకు ఫోన్ చేశాను. ఆ సాయంత్రం దుకాణంలో అందరికీ చెప్పాడట, "నా బిడ్డ నా బట్టతోని మందు పట్టుకుంటది" అని. తన పేరు మీద ఎప్పుడూ ఒక్క బట్టా అమ్ముడుపోని మనిషి అంత గర్వపడ్డాడు.

ఆ తర్వాత ఒక ఆదివారం నేను ఇంట్లో ఉండగా దుకాణం తియ్యలేదు. దుకాణం ఆయన ఇంట్లో పెళ్లి. చీకటి పడేలోపే బాపు మూడుసార్లు వెళ్లి చూసొచ్చాడు. అన్నం పెడితే కంచం నెట్టేశాడు, ఎన్నడూ లేనిది అవ్వ మీద కసిరాడు. మరునాడు ఒక సీస పడగానే మామూలు మనిషయ్యాడు. కల్లు మీద యావ అయితే అంత తొందరగా రేగదు, అంత తొందరగా కుదురుకోదు అనిపించింది. మా వైపు కొన్నిచోట్ల కల్లులో మత్తుమందు కలుపుతారన్న మాట కొత్తదేమీ కాదు. చెట్ల కల్లు ఎంత, అమ్ముడయ్యే కల్లు ఎంత అని లెక్క వేస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఎవరూ లెక్క వెయ్యరు.

"బాపు, నాకు నాలుగు సుక్కలు కల్లు కావాలె. పరీక్షకు" అన్నాను.

నిండు సీస తెచ్చిచ్చాడు. "నాలుగు సుక్కలు కొనవోతే నా ఇజ్జత్ ఏం గావాలె?"

కల్లును పరీక్షించడం నీళ్లను పరీక్షించినంత తేలిక కాదు. అందులో చక్కెర ఉంటుంది, పులుపు ఉంటుంది, పులియబెట్టే జీవి ఉంటుంది. అవన్నీ ఎగబడి ముందే వెండిని కప్పేస్తాయి, మందుకు చోటు దొరకదు. వడకట్టాను, పలచన చేశాను, మళ్లీ వడకట్టాను. మూడు రోజులు దేనికీ పోలని గడ్డిలాంటి గీతలే. నాలుగో రోజు మధ్యాహ్నం బాపు బట్ట ముక్క మీద గీతలు లేచాయి. పక్కన మందుల షాపు నుంచి తెచ్చిన, కల్లులో కలుపుతారని విన్న నిద్రమందు ఆల్‌ప్రజోలం గోలీ కరిగించి దాని గీతలూ తీశాను. ఒకదాని మీద ఒకటి పెడితే తేడా లేదు.

నేను సంతోషపడ్డాను. ఇది రాయకుండా దాటవేయవచ్చు, ఎవరికీ తెలియదు కూడా. కానీ నిజం అది. కుర్చీలోంచి లేచి గైడు గదికి పరుగెత్తాను. ఆయన చూసి "థీసిస్‌కు ఇంకో అధ్యాయం దొరికింది మేడం" అన్నారు. ఇద్దరం చాయ్ తాగాం. గ్లాసు సగమయ్యాక గుర్తొచ్చింది, అది మా బాపు తాగే కల్లు.

ఊరికి వెళ్లి గీతల కాగితం ముందుపెట్టి చెప్పాను. అవ్వ నెత్తి కొట్టుకుంది. బాపు మాత్రం నవ్వాడు.

"ఊరంత తాగుతుండ్రు. నాకొక్కనికే అయితదా?"

"ఊరి సంగతి నాకెందుకు బాపు? నాకు నువ్వు గావాలె."

అవ్వ అందుకుంది. "నీ ఎంబడి తీస్కపో బిడ్డా. పది దినాలు ఆడ ఉంచుకో. ఈడుంటే కాళ్లు దుకాణానికే పోతయి."

బాపు చాలాసేపు కాగితం వైపే చూశాడు. గీతలు ఆయనకు అర్థం కావు. చివరికి అడిగిన మాట ఒకటే. "గీ మందు దొరికింది నా బట్ట మీదనేనా?"

"నీ బట్ట మీదనే."

"అయితే నిజమే ఉంటది తియ్. నా బట్ట అవద్దమాడది." అని సంచి సర్దమన్నాడు. నా చదువును నమ్మి కాదు, తన నేతను నమ్మి వచ్చాడు. అప్పుడు షెడ్డులో పడుగు చుట్టిన బీములు లేక సాంచలు సగం ఆగి ఉండటం కూడా కలిసొచ్చింది. అవ్వకు మాత్రం నూలు కండెలు చుట్టే పని ఉండి ఆగిపోయింది.

ఇచ్చోడలో నేను అద్దెకుండేది హైవేకు నాలుగు అడుగుల దూరంలో. లారీల చప్పుడు వింటూ బాపు "సాంచల లెక్కనే ఉన్నది, నిద్ర వడ్తది" అన్నాడు. ఇంటి ఓనరమ్మ మరాఠీ ఆవిడ, అందరూ ఆయి అంటారు. బాపుకు జొన్నరొట్టె పెట్టి పక్కన కూర్చుని తినేదాకా చూసింది. నేను అన్నీ పకడ్బందీగా చేశాననుకున్నాను. కల్లు పూర్తిగా మాన్పించడం కష్టమని, ఊరి చివర తాటిచెట్లు గీసే తాతతో మాట్లాడాను. చెట్టు దిగిన కల్లు పొద్దున్నే ఇంటికి తెచ్చేవాడు. మా ల్యాబులో ఇటుకంత చేతియంత్రం ఒకటుంటే సంతకం పెట్టి తెచ్చుకున్నాను. రోజూ తాత తెచ్చిన కల్లును వడకట్టి, పలచన చేసి, బట్ట ముక్క ముంచి, యంత్రం పెట్టి, "సూడు బాపు, ఏం లేదు, సక్కటి కల్లు" అని చూపించేదాన్ని. స్వచ్ఛమైన కల్లు తాగితే సరిపోతుందని నా నమ్మకం. మందు పోతుంది, కల్లు ఉంటుంది, బాపు ఉంటాడు. లెక్క అంత సులువుగా ఉంది.

మొదటి రోజు గ్లాసు తాగి "నీళ్ల లెక్క ఉన్నది" అన్నాడు. రెండో రోజు నిద్రపోలేదు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది, ఎండలకనుకున్నాను. చాయ్ గ్లాసు చేతిలో నిలవలేదు. నా ముఖం చూడకుండా అడిగాడు.

"జర ఒక్క సీస తెప్పియ్యవా బిడ్డా. దుకాణంది. ఒక్కటే."

"తెప్పియ్య. ఇంక రెండు దినాలు ఓర్సుకో బాపు, నాకోసం."

"నీకోసమే ఓర్సుకుంటున్న" అన్నాడు.

మూడో రోజు పొద్దున నేను లేచేసరికి మంచం మీద కూర్చుని గాలిలో వేళ్లు ఆడిస్తున్నాడు. రెండు వేళ్లతో ఏదో పట్టుకుని, మెలిపెట్టి, లాగి, మళ్లీ ఇంకోటి. పోగులకు ముడి వేస్తున్నాడు. "తెగుతనే ఉన్నయి బిడ్డా, ఇయ్యాల దారం మంచిగ లేదు" అన్నాడు. నాకు జాలేసింది, నవ్వూ వచ్చింది. సాంచల మీద బెంగ పెట్టుకున్నాడు అనుకున్నాను. కల్లు యావ పోయి పని మీదికి మనసు మళ్లిందని లోపల ఒక మూల సంతోషించాను కూడా. నాకు కాలేజీలో పరీక్షల డ్యూటీ ఉంది. నేను లేనప్పుడు ఇచ్చోడలో కల్లు దుకాణం వెతుక్కుంటూ పోతాడేమోనని ఆయన చెప్పులు తీసి నా బ్యాగులో పెట్టుకున్నాను. ఎండకు కాలే నేల మీద ఉత్తకాళ్లతో ఎంత దూరం పోతాడులే అని. ఆయిని ఒక కన్నేసి ఉంచమన్నాను.

పదకొండు గంటలకు పరీక్ష హాల్లో ఉండగా ఆయి మనవరాలు వచ్చింది. వెళ్లేసరికి బాపు గుమ్మానికి అడ్డంగా పడి కొట్టుకుంటున్నాడు. నోట్లో నురగ. ఆయి ఆయన చేతిలో తాళంచెవి పెట్టి మూర్ఛ వదిలించబోతూ ఏడుస్తోంది. "చెప్పుల్ చెప్పుల్ అని వెతికిండమ్మా, ఇల్లంత వెతికిండు. దొర్కక, వట్టి కాళ్లతోనే లేసి వస్తుంటే పడిండు."

అంబులెన్సులో ఆదిలాబాద్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. దారిలో రెండోసారి వచ్చింది. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ నాకంటే చిన్నది. ఏం తాగేవాడని అడిగింది. బ్యాగులోంచి గీతల కాగితం తీసి ఇచ్చాను. మందు పేరు చెప్పాను, కల్లులో ఎంత ఉందో చెప్పాను. ఆమె కాగితం చూసింది, నన్ను చూసింది.

"ఎన్ని రోజులైంది ఆపి?"

"మూడు రోజులు."

"ఒక్కసారే ఆపిండ్రా?"

తలూపాను.

"మందు పేరు తెల్సు, ఎంతున్నదో తెల్సు. ఇది ఒక్కసారే ఆపొద్దని తెల్వదా మేడం?" అంది. కోపంగా అనలేదు. నిజంగా అర్థం కాక అడిగింది. వాళ్లు నరంలోకి ఎక్కించిన మందు ఆ కుటుంబంలోదే, నేను బట్ట మీద పట్టుకున్నదానికి అక్కాచెల్లెలు వరస. మూర్ఛలు ఆగాయి. కానీ పడ్డప్పుడు వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయిందనీ, పొద్దుటిదాకా చూడాలనీ చెప్పారు.

అవ్వ తెల్లారి మొదటి బస్సుకు వచ్చింది. బాపు కళ్లు సగం తెరిచి ఉన్నాయి, ఎవరినీ గుర్తుపట్టడం లేదు, వేళ్లు మాత్రం మెల్లగా ఆడుతూనే ఉన్నాయి. నర్సు ఆ చేతులు కట్టేద్దామంది. అవ్వ వద్దని, తన చీర అంచులోంచి ఒక పోగు లాగి తెంపి, రెండు కొసలూ ఆయన వేళ్ల మధ్య పెట్టింది. బాపు ముడి వేశాడు. చూపు లేకుండానే, ఎప్పటిలాగే, తగలనంత సన్నగా. వేళ్లు ఆగాయి. అవ్వ ఆ పోగును తన కొంగున ముడేసుకుంది. పది దాటాక బాపు పోయాడు.

శవాన్ని బండి ఎక్కిస్తుంటే, ఆయన వస్తువులేమన్నా ఉంటే తీసుకోండి అన్నారు. బ్యాగు తెరిస్తే చెప్పులున్నాయి. ఆస్పత్రి వరండాలో కూర్చుని వాటిని ఒళ్లో పెట్టుకుని ఎంతసేపు ఏడ్చానో తెలియదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అంటారు కదా. బల్లి పడితే బల్లే చస్తుంది. నేను పడలేదు, తోశాను.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే వాళ్లకు ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అవ్వ మాంసం వండింది, బీడీ కట్ట పెట్టింది. కల్లు నేను తెస్తానన్నాను. పక్క ఊళ్లో గీసే ఆయన దగ్గరికి వెళ్లి, చెట్టు దిగిన కల్లు తెచ్చాను. బట్ట ముక్క ముంచి చూశాను కూడా, సిగ్గులేదు నాకు. ఏమీ లేదు. విస్తరి పక్కన గ్లాసులో పోశాం. చెట్టు మీద ఒక కాకి కూర్చుని మా వైపు చూస్తూనే ఉంది గానీ దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. చుట్టాలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎవరెవరో మొక్కులు మొక్కారు. బిడ్డను మంచిగ చూసుకుంటామన్నారు, అవ్వను చూసుకుంటామన్నారు.

అవ్వ నా దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది. "నీ కల్లు గాయిన తాగడు బిడ్డా. దుకాణంది తే."

వెళ్లాను. ఆ దుకాణంలోకి అడుగుపెట్టడం అదే మొదలు. దుకాణం ఆయన లేచి నిలబడ్డాడు. నేను వచ్చిన పని చెప్పలేదు, ఆయన అడగలేదు. సీస కడిగి నింపి ఇచ్చాడు. పైసలు ఇవ్వబోతే తల అడ్డంగా ఊపాడు. ఆయన మీద నాకు రావలసిన కోపమంతా ఎక్కడికి పోయిందో నాకే తెలియదు. వెతికితే నాలోనే ఉంది, నా మీదనే ఉంది.

నా గ్లాసు పారబోసి అవ్వ దుకాణం కల్లు పోసింది. జేబులో బట్ట ముక్కలున్నాయి. తియ్యలేదు. కాసేపటికి కాకి దిగింది. మాంసం వదిలి ముందు గ్లాసులో ముక్కు ముంచింది. అవ్వ అక్కడే నేల మీద కూలబడి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. రెండు నమూనాలు, ఒకటే కాకి, అది అప్పటికి ఆకలి మీద కూడా ఉంది. దీన్ని ప్రయోగమని ఎవరూ ఒప్పుకోరు. నేను ఒప్పుకున్నాను.

థీసిస్ ఆపేద్దామనుకున్నాను. గైడు నాలుగు నెలలు అడగలేదు. ఐదో నెల మొదటి అధ్యాయం అచ్చుతప్పులు మాత్రం చూడండి చాలు అన్నారు. తెరిచాను. మొదటి అధ్యాయమంటే ఉపోద్ఘాతం. అందరూ పాత పత్రాల్లోంచి నాలుగేసి వాక్యాలు తెచ్చి, మాటలు అటూ ఇటూ మార్చి, కింద నంబర్లు వేసి నింపుతారు. నేనూ అంతే చేశాను. రెండో పేజీలో, నేనే టైపు చేసిన ఇంగ్లిషులో ఉంది: దీర్ఘకాలం ఈ మందుకు అలవాటుపడినవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, భ్రమలు, మూర్ఛలు, మరణం సంభవించవచ్చు. చివర ఒక నంబరు. కల్లు అధ్యాయం కలుపుతూ, బాపును ఇచ్చోడకు తీసుకెళ్లడానికి వారం ముందు రాసిన పేజీ అది. రాసినప్పుడు ఆ వాక్యంలో నాకు కామా ఎక్కడ పెట్టాలా అన్న అనుమానం ఒక్కటే వచ్చింది. మా బాపు అందులో ఉన్నాడని తోచలేదు. మాల వేసుకున్న ఏడు అరుగు మీద లేని మనిషిని పలకరించినప్పుడే ఆయన ఆ వాక్యాన్ని నాకు చూపించాడు. నేను నవ్వాను.

అవ్వతో ఇది చెప్పాను. దాచుకోవడం నా వల్ల కాలేదు. కండె చుట్టడం ఆపకుండా విన్నది. చేతిలో కండె నిండాక అంది, "తీస్కపొమ్మన్నది నేనే గదనే." ఇద్దరం మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ పోగు ఇంకా ఆమె దగ్గరే ఉంది, పసుపు డబ్బాలో.

థీసిస్ ఇచ్చాను. బాపు షెడ్డులో కోయించిన గజం బట్టలో ఇంకా మూరెడు మిగిలి ఉంది. దాన్ని పొదుపుగా కోసుకుంటున్నాను. చేతియంత్రం నా దగ్గరే ఉంచుకోమన్నారు గైడు. నేను కల్లు పరీక్ష చేస్తానని ఎలాగో పాకింది. అప్పుడప్పుడు ఎవరో ఒకరు చీర కొంగు కింద సీస దాచుకుని ఇంటికి వస్తారు, ఎక్కువగా ఆడవాళ్లు.

మొన్న ఒక ఆమె వచ్చింది. ఇచ్చోడకు ఆరేడు కిలోమీటర్ల అవతల ఊరు. భర్త తాపీ పని, రోజూ రెండు సీసలు. తాగి గొడవ చెయ్యడట. తింటడు, పడుకుంటడు అంది. వడకట్టి, పలచన చేసి, బట్ట ముక్క ముంచి, యంత్రం పెట్టాను. గీతలు లేచాయి. ఏ మందు గీతలో నేను చూడకుండానే చెప్పగలను.

"ఉన్నదా మేడం?"

"ఉన్నది."

ఆమె సీస గట్టిగా పట్టుకుని లేచింది. "ఇయ్యాల్టి నుంచే బంద్ జేపిస్త. ఇంట్లకెల్లి బయటికి పోనియ్య. చెప్పులు సుత దాసిపెడ్త."

చెయ్యి పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టాను. ఆదిలాబాద్‌లో ఏ డాక్టరును కలవాలో, ఏం చెప్పాలో చీటీ మీద రాసిచ్చాను. ఒక్కసారే ఆపొద్దనీ, వాళ్లు మందు ఇస్తూ కొంచెం కొంచెం తగ్గిస్తారనీ, చేతులు వణికినా గాలిలో ఏదైనా పట్టుకుంటున్నా వెంటనే తీసుకుపొమ్మనీ రెండుసార్లు చెప్పించుకున్నాను. అంతా విని, నేను తికమకగా మాట్లాడుతున్నట్టు చూసింది.

"మరి ఇయ్యాల పొద్దుగూకినంక అడుగుతడు మేడం. ఏం జెయ్యాలె?"

బాపు అడిగింది ఇదే. దొరికినంక ఏం జేస్తవ్ బిడ్డా అని.

"తాగనియ్యి అక్కా" అన్నాను. "రేపు దవాఖానకు తీస్కపో. ఇయ్యాల మాత్రం అడిగితే కాదనకు."